ఖోండలైట్, చార్నోకైట్ థిన్ సెక్షన్లు: క్వార్ట్జ్ పసుపుగా ఉంది, సిల్లిమనైట్ రంగు కుదరడం లేదు

రాతిబిళ్ళ (ప్రశ్న)

అందరికీ నమస్కారమండి. ఎమ్మెస్సీ ప్రాజెక్టు పని. విశాఖ నుంచి అరకు వెళ్ళే ఘాట్ రోడ్డు పక్కన తీసిన రెండు రాళ్ళకు చేత్తో అరగదీసి థిన్ సెక్షన్లు (మైక్రోస్కోప్ కింద కాంతి దూరేంత పలచటి రాతి బిళ్ళలు) చేశాను. ఒకటి ఖోండలైట్, ఇంకొకటి చార్నోకైట్ (రెండూ తూర్పు కనుమల్లో దొరికే రాళ్ళు) అనుకుంటున్నాను కానీ, ఏది ఏదో పేరు పెట్టే దగ్గర ఆగిపోయాను.

మొదటి రాయి చారలు చారలుగా ఉంది. ఎర్రటి గార్నెట్ గింజలు, అక్కడక్కడ మెరిసే గ్రాఫైట్ రేకులు కనిపిస్తున్నాయి. పైభాగం పుచ్చిపోయింది, గోటితో గీకితే పొడి రాలుతోంది. సెక్షన్‌లో రంగులేని సన్నటి సూదులు కట్టలు కట్టలుగా ఉన్నాయి. క్రాస్డ్ నికల్స్ కింద (ఒకదానికొకటి అడ్డంగా పెట్టిన రెండు పోలరైజర్ల మధ్య) వాటిది నారింజ రంగు.

రెండోది గట్టి రాయి. ముదురు ఆకుపచ్చ, గోధుమ కలిసిన రంగు, నూనె రాసినట్టు జిడ్డు మెరుపు. సెక్షన్‌లో పొట్టి దిమ్మల్లాంటి ఖనిజం ఒకటి ఉంది, క్రాస్డ్ నికల్స్ కింద నీలంగా కనిపిస్తోంది.

సూదులూ, దిమ్మలూ రెండూ పొడవు దిశలోనే నల్లబడుతున్నాయి. జిప్సం ప్లేట్ (కాంతి ఏ దిశలో నెమ్మదో చూపే పలక) పెట్టి చూస్తే రెండూ లెంగ్త్ స్లో, అంటే పొడవు దిశలో కాంతి నెమ్మది. ఖనిజాల రంగుల చార్టులో సిల్లిమనైట్ అనే ఖనిజానికి రెండో ఆర్డర్ (రంగుల వరుస రెండోసారి తిరిగే చోటి) నీలం అని ఉంది. అలా చూస్తే రెండో రాయే సిల్లిమనైట్ ఉండే ఖోండలైట్ కావాలి, కానీ చేతిలో చూస్తే అలా అనిపించడం లేదు. రెండు సెక్షన్లలోనూ క్వార్ట్జ్ గింజలు కొన్ని బూడిద రంగులో, కొన్ని తెల్లగా ఉన్నాయి. బాగా వెలిగేవి మాత్రం కోడిగుడ్డు పచ్చసొన రంగులో ఉన్నాయి.

అడగాలనుకున్నవి మూడు. ఈ రంగుల తేడా ఎక్కడ వచ్చింది? మొదటి సెక్షన్ నిండా చిల్లులు పడ్డాయి, ఎలా ఆపాలి? చార్నోకైట్‌ను రిపోర్టులో అగ్నిశిల అని రాయాలా, రూపాంతర శిల అని రాయాలా?

సానరాయి

ముందు మందం సంగతి తేల్చండి. అది తేలకుండా ఏ ఖనిజానికీ పేరు పెట్టొద్దు.

క్రాస్డ్ నికల్స్ కింద కనిపించే రంగు ఖనిజానిది మాత్రమే కాదు. సెక్షన్ మందాన్ని ఆ ఖనిజపు బైరిఫ్రింజెన్స్‌తో (దాని రెండు వక్రీభవన గుణకాల తేడాతో) హెచ్చవేస్తే వచ్చే రిటార్డేషన్‌ను (ఖనిజంలో రెండుగా విడిన కిరణాల్లో ఒకటి వెనకబడే దూరాన్ని) బట్టి ఆ రంగు ఉంటుంది. మీ చార్టులోని రంగులన్నీ 30 మైక్రాన్ల మందానికి లెక్కగట్టినవి. క్వార్ట్జ్ బైరిఫ్రింజెన్స్ 0.009. మైక్రాన్ అంటే 1,000 నానోమీటర్లు కాబట్టి 30 మైక్రాన్ల దగ్గర 30,000 × 0.009 = 270 నానోమీటర్లు. ఆ రంగు తెలుపు, మహా అయితే గడ్డి రంగు ఛాయ తగిలిన తెలుపు. 40 మైక్రాన్లు ఉంటే 360, అది నిండు పసుపు. 50 ఉంటే 450, పసుపు నారింజకు తిరుగుతుంది. 60 మైక్రాన్ల దగ్గర 540, ఎరుపు వచ్చేస్తుంది.

మీరు చెప్పిన పచ్చసొన రంగు దాదాపు 430 నానోమీటర్ల దగ్గరిది. దాన్ని 0.009తో భాగిస్తే మందం సుమారు 48 మైక్రాన్లు. ఉండాల్సినదాని కంటే సగానికి పైగా ఎక్కువ.

ఇక్కడ ఒక జాగ్రత్త. క్వార్ట్జ్ గింజలన్నీ ఒకే రంగులో ఉండవు. సి అక్షం (స్ఫటికపు పొడవు అక్షం) మీ కంటి వైపు తిరిగి ఉన్న గింజ, స్టేజ్ (మైక్రోస్కోప్ తిరిగే బల్ల) ఎంత తిప్పినా నల్లగానే ఉంటుంది, పక్కకు ఒరిగినవి బూడిద రంగులో ఉంటాయి. కనీసం ఇరవై గింజలు చూసి, అన్నిటికంటే పై ఆర్డర్ రంగు చూపించిన గింజనే లెక్కలోకి తీసుకోవాలి. బూడిద రంగు గింజ ఒకటి దొరికింది కదా, మందం సరిపోయిందిలే అనుకోవడం దగ్గరే ఎక్కువ మంది దెబ్బతింటారు.

ఇప్పుడు మీ రెండు ఖనిజాలకూ ఇదే లెక్క తిరగేసి చూడండి. నీలం దిమ్మ సుమారు 650 నానోమీటర్లు. 48,000తో భాగిస్తే 0.0135. ఇది సిల్లిమనైట్ కానే కాదు, దానికి 0.020 దగ్గర రావాలి. ఆర్థోపైరాక్సీన్‌కు, అంటే మనం హైపర్‌స్తీన్ అనేదానికి, ఇది సరిగ్గా సరిపోతుంది. నారింజ సూది రెండో ఆర్డర్‌దైతే సుమారు 950. దాన్ని 48,000తో భాగిస్తే 0.0198, అంటే సిల్లిమనైట్. మీ మందపాటి సెక్షన్‌లో హైపర్‌స్తీన్ సిల్లిమనైట్ రంగు వేసుకుని కూర్చుంది, అంతే. అరగదీసి 30కి తెస్తే దిమ్మలు మొదటి ఆర్డర్ పసుపుకు దిగుతాయి, సూదులు నీలానికి వస్తాయి. అలా రాకపోతే నా లెక్క తప్పని ఇక్కడే రాయండి.

జిప్సం ప్లేట్ ఈ రెండింటినీ విడదీయలేదు, ఎందుకంటే రెండూ లెంగ్త్ స్లోనే. పొడవు దిశలో నల్లబడటం కూడా రెండింటికీ ఉన్న గుణమే. వీటి మధ్య తేడా తేల్చేవి ఇవి:

ప్లేన్ లైట్‌లో (పై పోలరైజర్ తీసేసి) స్టేజ్ తిప్పండి. హైపర్‌స్తీన్ లేత గులాబీ నుంచి లేత ఆకుపచ్చకు మారుతుంది. మార్పు చాలా పలచగా ఉంటుంది కాబట్టి కండెన్సర్ కింది డయాఫ్రం కాస్త మూసి, తెల్ల క్వార్ట్జ్ పక్కనున్న గింజను చూడండి. సిల్లిమనైట్ ఎటు తిప్పినా రంగులేకుండానే ఉంటుంది.

అడ్డంగా తెగిన గింజలు వెతకండి. సిల్లిమనైట్ అడ్డుకోత చిన్న డైమండ్ ముక్క ఆకారంలో ఉండి, ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఒకే ఒక్క క్లీవేజ్ గీత (ఖనిజం సులువుగా చీలే గీత) ఉంటుంది. పైరాక్సీన్ అడ్డుకోతలో రెండు క్లీవేజ్‌లు దాదాపు లంబంగా కోసుకుంటాయి. ఈ ఒక్క గుర్తు చాలు, రంగు చూడకపోయినా పేరు పెట్టేయొచ్చు.

48 నుంచి 30కి దించేటప్పుడు 1000 నంబరు కార్బోరండం (అరగదీసే గట్టి పొడి, నంబరు పెరిగేకొద్దీ గింజ సన్నం) తప్ప వేరే పొడి ముట్టుకోకండి. 220 నంబరు పొడి గింజే దాదాపు 60 మైక్రాన్లు ఉంటుంది, మీ సెక్షన్ మందం కంటే పెద్దది. ఒక్క గింజ స్లైడ్ కిందికి వెళ్ళినా రాయిని గాజు దాకా దున్నేస్తుంది. అందుకే నంబరు మార్చిన ప్రతిసారీ గాజు పలకనూ, స్లైడ్ అంచులనూ, మీ గోళ్ళనూ బ్రష్‌తో కడగాలి. వీలుంటే ఒక్కో నంబరుకు ఒక్కో గాజు పలక పెట్టుకోండి. 220తో 100 మైక్రాన్ల దాకా, 600తో 50 దాకా, అక్కడి నుంచి 1000 నంబరు.

పలక మీద చిటికెడు పొడి, నాలుగైదు చుక్కల నీళ్ళు. ఎనిమిది అంకె వేస్తున్నట్టు పది పదిహేను చుట్లు తిప్పి, కడిగి, తడిగానే మైక్రోస్కోప్ కింద పెట్టి చూడండి. ఒక అంచున క్వార్ట్జ్ తెల్లగా, ఇంకో అంచున పసుపుగా ఉంటే సెక్షన్ వాలుగా అరిగినట్టు. పసుపు వైపు వేలు బరువు కొంచెం పెంచండి. చివర్లో అయిదేసి చుట్లకు ఒకసారి చూడాలి. 30 దాటి 20కి వెళ్ళిందంటే క్వార్ట్జ్ నీలి బూడిద రంగుకు పడిపోతుంది, ఇక వెనక్కి తేలేం.

రాయి పొడిగా ఉన్నప్పుడు అరగదీయకండి, కోయకండి. క్వార్ట్జ్ ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. తడిపొడి ఆరకముందే తుడిచేయాలి.

గట్టుమీద

చిల్లుల సంగతి నేను చెబుతాను. మందం గురించి సానరాయి గారు రాసింది అక్షరాలా నిజం.

మీ మొదటి రాయిలో ఉన్న ఖనిజాల గట్టిదనం చూడండి. గార్నెట్ 7 నుంచి 7.5, క్వార్ట్జ్ 7, ఫెల్డ్‌స్పార్ 6, బయొటైట్ (నల్ల అభ్రకం) 3 లోపు, గ్రాఫైట్ 1 నుంచి 2. ఒకే ఒత్తిడి పెట్టి అరగదీస్తే మెత్తనివి ముందు లేచిపోతాయి. పైగా రాయి పుచ్చింది అంటున్నారు. అంటే ఫెల్డ్‌స్పార్ కయోలిన్ మట్టిగా మారిపోయింది, గార్నెట్ చుట్టూ ఇనుప తుప్పు పట్టింది. తూర్పు కనుమల్లో ఖోండలైట్ వాతావరణానికి గురైతే ఇలాగే అవుతుంది. ఇదే పని లక్షల ఏళ్ళు సాగి అనంతగిరి, గాలికొండ గట్ల మీద బాక్సైట్ పేరుకుంది. అలాంటి రాయిని మామూలుగా కోసి అంటిస్తే మట్టి నీళ్ళతో కొట్టుకుపోయి చిల్లులే మిగులుతాయి.

అన్నిటికంటే మంచి మందు తాజా రాయి తెచ్చుకోవడం. రోడ్డు కోతలో పైపొర వదిలేసి, సుత్తి దెబ్బకు ఖంగుమని మోగే చోట తీయండి. బొత్తుమని మోగితే లోపల పుచ్చినట్టే.

పుచ్చిన రాయే కావాలంటే కోయకముందే ఎపాక్సీ తాగించాలి. ముక్కను 60 డిగ్రీల ఓవెన్‌లో రాత్రంతా ఆరబెట్టండి. 100 దాటిస్తే మట్టి బీటలు వారుతుంది. తర్వాత పలచటి ఎపాక్సీలో ముంచి వాక్యూమ్ డెసికేటర్‌లో (గాలి లాగేసే మూత పాత్రలో) పెడితే చిల్లుల్లోని గాలి బుడగలుగా బయటికి వస్తుంది. బుడగలు ఆగాక గాలి వదిలితే, ఆ ఒత్తిడికి ఎపాక్సీ లోపలికి దిగుతుంది. గట్టిపడ్డాక కోసి, ఆ ముఖాన్ని సాన పట్టి, చిల్లులు కనిపిస్తే మళ్ళీ ఒక పూత. అరగదీసేటప్పుడు నీళ్ళ బదులు కిరోసిన్ వాడితే మట్టి కొట్టుకుపోదు. మంటకు దూరంగా, కిటికీ తెరిచి చేయండి.

ఐదు నిమిషాల్లో గట్టిపడే ఎపాక్సీ దీనికి పనికిరాదు. లోపలికి ఇంకేలోపే బిగుసుకుంటుంది, వేడికి మెత్తబడుతుంది, బుడగలు ఎక్కువ. నెమ్మదిగా ఆరే రకం తీసుకుని, రెసిన్, హార్డ్‌నర్‌లను డబ్బా మీద రాసిన పాళ్ళలోనే త్రాసులో తూచి కలపండి. కంటి అంచనాతో చుక్కలు లెక్కపెడితే, పాళ్ళు తప్పి జిగురు జిగురుగానే ఉండిపోతుంది. అలాంటి సెక్షన్ 50 మైక్రాన్ల దగ్గర మడతపడి చిరిగిపోతుంది. చేతులకు గ్లౌజులు తప్పనిసరి.

అంటించేటప్పుడు స్లైడ్‌నూ, రాతి బిళ్ళనూ హాట్‌ప్లేట్ మీద గోరువెచ్చగా చేసి, బిళ్ళ ఒక అంచు ముందు ఆనించి, మెల్లగా వాల్చండి. ఒక్కసారిగా పైనుంచి పెడితే గాలి ఇరుక్కుంటుంది. ఆ బుడగ మీదున్న రాయి చివర్లో ఊడి గుండ్రటి చిల్లు పడుతుంది. మీ చిల్లులు గుండ్రంగా, అంచులు నున్నగా ఉంటే తప్పు బుడగలది. గరుకుగా, రేకు ఆకారంలో ఉంటే అక్కడ గ్రాఫైటో బయొటైటో లేచిపోయింది. ఒక్కసారి చూసి చెప్పండి.

ఇంకొకటి. బిళ్ళను చారలకు అడ్డంగా, సూదుల పొడవుకు సమాంతరంగా కోయండి. చారల వెంబడే కోస్తే రేకులన్నీ పడుకుని ఉంటాయి, పొరలు పొరలుగా ఊడతాయి. ఏ గింజ ముందు పుట్టింది, ఏది దాని చుట్టూ వంగింది అన్న సంగతి కూడా ఆ కోతలో కనిపించదు.

రాతిబిళ్ళ

ఇద్దరికీ ధన్యవాదాలండి. ఇప్పుడే చూశాను. దిమ్మల ఖనిజం ప్లేన్ లైట్‌లో తిప్పితే ఒకవైపు లేత గులాబీ, ఇంకోవైపు లేత ఆకుపచ్చ. అడ్డుకోతలో రెండు క్లీవేజ్‌లు ఉన్నాయి. సూదులకు రంగు లేదు, అడ్డుకోతల్లో ఒకటే గీత. చిల్లులు చాలావరకు రేకు ఆకారంలోనే ఉన్నాయి, నాలుగైదు మాత్రం గుండ్రటివి. కవర్ స్లిప్ ఇంకా అంటించలేదు, 1000 నంబరుతో దించుతాను.

అయితే మొదటిది ఖోండలైట్, రెండోది చార్నోకైట్ అనే రాస్తాను. మూడో ప్రశ్న మిగిలింది. రెండు రాళ్ళూ ఒకే కొండలో, పక్కపక్కనే ఉన్నాయి. ఒకే వేడి తిన్నవి ఇంత వేరుగా ఎలా ఉన్నాయి?

పలుగురాయి

వేడి ఒకటే, మొదటి సరుకు వేరు. దీన్ని బాగా పట్టుకుంటే తూర్పు కనుమల రాళ్ళు సగం అర్థమైనట్టే.

ఖోండలైట్ మొదట బంకమట్టి అవక్షేపం. మట్టిలో అల్యూమినా ఎక్కువ, అందుకే అది మిగిలిపోయి సిల్లిమనైట్ పుట్టింది. మట్టితో పాటు పూడిన సేంద్రియ కార్బన్ గ్రాఫైట్ అయింది. పక్కనే ఉన్న సున్నపురాతి పొరలు పాలరాయిగా మారాయి. బొర్రా గుహలు తొలిచింది ఆ రాతిలోనే. వేడి పెరిగేకొద్దీ ముందు మస్కోవైట్ (తెల్ల అభ్రకం), క్వార్ట్జ్ కలిసి పొటాష్ ఫెల్డ్‌స్పార్, సిల్లిమనైట్, నీరు అవుతాయి. ఇంకా పెరిగితే బయొటైట్, సిల్లిమనైట్, క్వార్ట్జ్ కలిసి గార్నెట్‌నూ, పొటాష్ ఫెల్డ్‌స్పార్‌నూ, కొంత కరిగిన గ్రానైట్ ద్రవాన్నీ ఇస్తాయి. మీ సెక్షన్‌లో గార్నెట్ లోపల చిన్న సిల్లిమనైట్ సూదులు, బయొటైట్ తునకలు చిక్కుకుని ఉన్నాయేమో చూడండి. ఉంటే ఈ చర్య జరిగిన గుర్తు మీ కళ్ళముందే ఉన్నట్టు.

చార్నోకైట్‌కు మొదటి సరుకు గ్రానైట్ లాంటిది. అందులో సిల్లిమనైట్ పుట్టేంత మిగులు అల్యూమినా లేదు. అక్కడ బయొటైట్, క్వార్ట్జ్ కలిసి హైపర్‌స్తీన్, పొటాష్ ఫెల్డ్‌స్పార్ అవుతాయి. వెలువడిన నీరు కరిగిన ద్రవంలోకి పోతుంది. నీరు తక్కువైన చోటే హైపర్‌స్తీన్ నిలబడుతుంది, నీరు తిరిగి వస్తే అంచుల నుంచి బయొటైట్‌గానో, హార్న్‌బ్లెండ్‌గానో మారిపోతుంది. మీ దిమ్మల అంచుల్లో గోధుమ రంగు రేకులు కనిపిస్తే అవి చల్లబడేటప్పుడు పుట్టినవి.

ఇక అగ్నిశిలా, రూపాంతర శిలా అన్నది. పేరు ఒక్కటే పెట్టుకుని రెండు దారుల్లో పుట్టిన రాయి ఇది. భూగర్భ శాస్త్రవేత్త హాలండ్ 1893లో, కలకత్తాలోని ఈస్టిండియా కంపెనీ అధికారి జాబ్ చార్నాక్ సమాధి రాతిని పరిశీలించి ఆ పేరు పెట్టారు. మద్రాసు దగ్గర పల్లావరం రాయి కూడా అదే రకం. ఆయన దాన్ని అగ్నిశిల అనే తలచారు. ఈనాటి అగ్నిశిలల వర్గీకరణలోనూ హైపర్‌స్తీన్ ఉన్న గ్రానైట్‌కు చార్నోకైట్ అనే పేరు ఉంది. కానీ కర్ణాటకలోని కబ్బాల్‌దుర్గ క్వారీలో మామూలు గ్నైస్ (చారలున్న రూపాంతర శిల) మధ్య, దాని చారలను చెరిపేస్తూ, చార్నోకైట్ మచ్చలు మచ్చలుగా పుట్టిన సంగతిని భూగర్భ శాస్త్రవేత్త పిచ్చముత్తు 1960లో చూపించారు. అక్కడ రాయి కరిగి పైకి రాలేదు. ఉన్నచోటనే నీరు కోల్పోయి మారింది.

ఒక్క సెక్షన్ చూసి ఇది తేల్చడం కుదరదు, రాయి ఉన్న చోటికే వెళ్ళి తేల్చాలి. పక్క రాయితో హద్దు కత్తితో కోసినట్టు ఉందా, పక్క రాతి ముక్కలు లోపల ఇరుక్కున్నాయా, పెద్ద ఫెల్డ్‌స్పార్ స్ఫటికాలు ఒకే వైపు వరుస కట్టాయా? ఇవి ఉంటే మాగ్మాగా చొచ్చుకొచ్చింది. హద్దు తెలియకుండా రంగు మెల్లగా మారుతూ, గ్నైస్ చార చార్నోకైట్‌లోకి కొనసాగుతూ ఉంటే ఉన్నచోట మారింది. మాగ్మాగా వచ్చి, గట్టిపడి, తర్వాత మళ్ళీ వేడెక్కి చారలు పట్టినదీ ఉంటుంది. రిపోర్టులో "హైపర్‌స్తీన్ ఉన్న గ్రానైట్ కూర్పు గల రాయి, గ్రాన్యులైట్ ఫేసీస్" (చాలా ఎక్కువ వేడిలో మారిన రాళ్ళ స్థాయి) అని రాసి, హద్దు ఎలా ఉందో ఒక వాక్యం, దగ్గరి నుంచి తీసిన ఫొటో ఒకటి పెట్టండి. ఫొటోలో సుత్తో, నాణెమో తప్పకుండా ఉండాలి.

సిల్లిమనైట్ చూసి లోతు చెప్పే పొరపాటు మాత్రం చేయకండి. ఒకే కూర్పు గల ఆండలూసైట్, కయనైట్, సిల్లిమనైట్ ఖనిజాలు మూడూ కలిసే బిందువు సుమారు 500 డిగ్రీలు, 4 కిలోబార్ల దగ్గర ఉంటుంది. దానికంటే వేడి వైపున సిల్లిమనైట్ పరిధి చాలా వెడల్పు, పీడనం తక్కువైనా ఎక్కువైనా అదే ఉండొచ్చు. పీడనం కావాలంటే గార్నెట్, ప్లేజియోక్లేజ్ (ఒక రకం ఫెల్డ్‌స్పార్), సిల్లిమనైట్, క్వార్ట్జ్ నాలుగూ ఒకదానికొకటి తగులుతూ ఉన్న చోటు వెతికి, గార్నెట్, ప్లేజియోక్లేజ్‌ల కూర్పును మైక్రోప్రోబ్‌తో (ఎలక్ట్రాన్ కిరణంతో కూర్పు కొలిచే యంత్రంతో) కొలవాలి. 1 కిలోబార్ అంటే సుమారు మూడున్నర కిలోమీటర్ల లోతు. 8 కిలోబార్లు వస్తే ఆ రాయి 28, 29 కిలోమీటర్ల కిందనుంచి పైకొచ్చినట్టు.

పాడేరు, అనంతగిరి, అరకు చుట్టుపక్కల సఫిరిన్ అనే నీలి ఛాయ ఖనిజం ఉన్న గ్రాన్యులైట్లు దొరుకుతాయి. సఫిరిన్, క్వార్ట్జ్ నేరుగా తగులుతూ కనిపిస్తే అక్కడ వేడి 900 డిగ్రీలు దాటింది. మీ రాయిలో నీలి ఛాయ గింజలేవైనా కనిపిస్తే వదిలిపెట్టకండి.

సానరాయి

పలుగురాయి గారి మాటకు ఒకటి కలుపుతాను, ఎందుకంటే నేను చెప్పిన మందం లెక్కనే ఇది పాడుచేస్తుంది. ఖోండలైట్‌లో కార్డియరైట్ అనే ఖనిజం కూడా ఉండొచ్చు. చూడటానికి అచ్చం క్వార్ట్జ్‌లా రంగులేకుండా, తక్కువ రిలీఫ్‌తో (అంచులు ఎత్తుగా కనిపించకుండా) ఉంటుంది. రంగు కూడా బూడిద, తెలుపే. దాన్ని క్వార్ట్జ్ అనుకుని మందం లెక్కిస్తే తప్పు వస్తుంది.

అంచుల్లో, పగుళ్ళలో పసుపు–ఆకుపచ్చ పొరలాంటి పినైట్ (కార్డియరైట్ చెడితే ఏర్పడే పదార్థం) మార్పు ఉందేమో చూడండి. లోపలి చిన్న జిర్కాన్ గింజ చుట్టూ పసుపు వలయం కనిపిస్తే అది కార్డియరైటే. క్వార్ట్జ్ ఎప్పుడూ కడిగిన గాజులా శుభ్రంగా ఉంటుంది. మందం కొలవడానికి అలాంటి గింజలనే ఎంచుకోండి. వీలైతే కోనోస్కోప్‌లో (కాంతిని శంకువులా గింజ మీద కేంద్రీకరించి, కనిపించే నల్లటి శిలువ బొమ్మను చూసే పద్ధతిలో) ఒకసారి చూడండి. క్వార్ట్జ్ ఏకాక్షం కాబట్టి శిలువ విడిపోదు, కార్డియరైట్‌కు మాత్రం స్టేజ్ తిప్పితే శిలువ రెండుగా విడిపోతుంది.